చౌల్దారీలో ఒక సోలెనాయిడ్ ఆత్మకథ

సెల్ఫ్ స్టార్ట్ ఉన్న స్కూటర్‌లో బ్యాటరీకీ స్టార్టర్ మోటారుకీ నడుమ ఉండే విద్యుదయస్కాంత స్విచ్‌ను సోలెనాయిడ్ అంటారు. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో ఒక స్కూటర్‌లో కొలువు చేసి, చివరకు తన చోటును కొత్తదానికి అప్పగించిన సోలెనాయిడ్ ఒకటి తన జీవితాన్ని ఇక్కడ ప్రథమ పురుషలో చెప్పుకుంటోంది. మెకానిక్కులకు అది సెల్ఫ్ రిలే. మనిషి కూర్చుని నడిపే గడ్డికోత బండిలోనూ ఈ జాతి భాగమే ఉంటుంది కనుక ఇక్కడి పరీక్షలు దానికీ వర్తిస్తాయి.

దాని లోపల ఒక రాగితీగ చుట్ట, చుట్ట మధ్య కదిలే ఇనుప కడ్డీ, కడ్డీ కొసన రాగి బిళ్ల, బిళ్లకు ఎదురుగా రెండు లావు బోల్టులు ఉన్నాయి. బ్రేకు పట్టి బటన్ నొక్కగానే సన్నతీగల్లో పారే కొద్ది ఆంపియర్ల కరెంటుకు చుట్ట అయస్కాంతమై కడ్డీని లాగుతుంది, బిళ్ల బోల్టులు రెంటినీ కలుపుతుంది, మోటారుకు కావలసిన పదుల ఆంపియర్లు ఆ దారిన పోతాయి. బటన్‌లోని చిన్న కాంటాక్టులు అంత కరెంటును మోయలేవు గనుకనే ఈ మధ్యవర్తి అవసరమైంది. 1912 నాటి కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాకే ఇంజనును చేత్తో తిప్పే కష్టం తగ్గసాగింది.

ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే, ఉప్పుగాలి వీచే ఆ దీవిలో సోలెనాయిడ్‌కు అసలు శత్రువు పనిభారం కాదు, చిలుము. బోల్టుల చుట్టూ, తీగ కొసల్లో పచ్చగా పేరుకునే ఈ పొర కరెంటుకు అడ్డుపడుతుంది. బోల్టుల గుండా పెద్ద కరెంటు పోవలసి ఉండటం వల్ల అడ్డు కొంచెమైనా నష్టం ఎక్కువే. "టిక్ మంటోంది, ఇంజను తిరగడం లేదు" అన్న ఫిర్యాదు మొదటిసారి వచ్చినప్పుడు నింద సోలెనాయిడ్ మీదే పడింది గాని, టెర్మినళ్లను గరుకు కాగితంతో రుద్ది, నట్లు బిగించి, పెట్రోలియం జెల్లీ పూయగానే బండి కదిలింది.

టిక్ శబ్దం చుట్ట బతికే ఉందని మాత్రమే చెబుతుంది. శబ్దమే రాకపోతే ఫ్యూజు, బటన్, బ్రేకు స్విచ్, ఎర్త్ తీగ వరుసగా చూడాలి. శబ్దం వచ్చీ మోటారు తిరగకపోతే ముందుగా బ్యాటరీని కొలవాలి: విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులుంటే అది నిండుగా ఉన్నట్టు, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు. ఆపైన బటన్ నొక్కి ఉంచి రెండు లావు బోల్టుల మధ్య మీటరు పెట్టాలి. అర వోల్టు లోపు చూపితే సోలెనాయిడ్ నిర్దోషి, 12 దరిదాపుల్లో చూపితే బిళ్ల బోల్టులను కలపడం లేదన్నమాట. బటన్ వదిలినా మోటారు ఆగకపోతే బిళ్ల అతుక్కుపోయిందని అర్థం. స్క్రూడ్రైవర్‌తో బోల్టులను కలిపి చూడటం చాలా షెడ్లలో ఉన్న అలవాటే అయినా, పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ రేపే ఆ పద్ధతి తగనిది.

రెండోసారి ఫిర్యాదు వచ్చినప్పుడు మీటరు 12 దగ్గరే నిలిచింది. మెకానిక్ ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాడు. పాజిటివ్‌ను ముందు విప్పితే స్పానర్ ఛాసిస్‌కు తగిలి షార్టయ్యే ప్రమాదముంది. తీగలకు గుర్తులు పెట్టి, పాతదాన్ని తీసి, కొత్తది బిగించి, నెగటివ్‌ను చివర కలిపాడు. విప్పి చూస్తే పాతదాని రాగి బిళ్ల అంచు నల్లగా కాలి గుంటలు పడి ఉంది, కనుక ఆ తీర్పు న్యాయమైనదే. విడిభాగాలు సముద్రం దాటి రావలసిన చోట మీటరు పెట్టకుండా ఏ సోలెనాయిడ్‌నూ మార్చవద్దని బండి ఉన్నవారికి మనవి.