ఒంటిగంట బండి

లోకల్ రైలుకు రోజులో రెండు పూటలే. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఒకటి, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఇంకొకటి. ఈ రెంటి నడుమ మిగిలిన ఆరున్నర గంటలను టైంటేబుల్ రాసేవారు ‘రద్దీ లేని వేళ’ అంటారు. అదే వేళను ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నవారు ఏమంటారో అచ్చు వేయడానికి వీలుపడదు.

హైదరాబాదులో ఈ బండి పేరు ఎంఎంటీఎస్. దక్షిణ మధ్య రైల్వే, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2003 ఆగస్టు 9న దీన్ని పట్టాలెక్కించాయి. మొదట్లో లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమాల మధ్య తిరిగేది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగి, ఏడాదికి పైగా పడుకుని, 2021 జూన్ 23న పది సర్వీసులతో కళ్ళు నులుముకుంటూ లేచింది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ వైపు, ఉందానగర్ వైపు, 2024 మార్చిలో ఘట్‌కేసర్ వైపు కూడా సాగింది. అంటే బండి వెళ్ళే ఊళ్ళు పెరిగాయి. వెళ్ళే వేళలు మాత్రం ఆ దామాషాలో పెరగలేదు. కనీస టికెట్ ఐదు రూపాయలు. ఈ నగరంలో ఐదు రూపాయలకు చాయ్ దొరకడం కష్టమైపోయిన రోజుల్లో రైలు టికెట్ దొరుకుతోంది. టికెట్ దొరికినంత తేలిగ్గా రైలు దొరకదు, అదొక్కటే లోటు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బేగంపేట లాంటి స్టేషనులో కూర్చుంటే రద్దీ లేని వేళ రద్దీ ఎలా ఉంటుందో తెలుస్తుంది. రెండింటి డ్యూటీకి పోవాల్సిన ఆసుపత్రి నర్సు అయిదు నిమిషాలకోసారి గడియారం చూసుకుంటుంది. సెకండ్ షిఫ్టు సాఫ్ట్‌వేర్ కుర్రవాడు మెడలో ఐడీ కార్డుతో హైటెక్ సిటీ బండి కోసం ఫోనులో వెతుకుతుంటాడు. పొద్దుటి క్లాసులు ముగిసిన విద్యార్థులు, నాలుగిళ్ళలో వంటలు ముగించి ఐదో ఇంటికి పోయే వంటామె, శుభలేఖల కట్టతో ఒక పెళ్ళికూతురి తండ్రి. కూతురింటికి ఆవకాయ జాడీ తీసుకువెళ్తున్న పెద్దావిడ ఒకరు తప్పకుండా ఉంటారు. ఆవిడ జాడీని ఒళ్ళోంచి దించదు, పక్కవారిని దాని దరిదాపులకు రానివ్వదు. ఇంతలో స్పీకరు గొంతు సవరించుకుని ‘దయచేసి వినండి’ అంటుంది. బండి సంఖ్య నాలుగు ఏడు అని మొదలుపెట్టగానే అందరూ లేస్తారు, ఎందుకంటే ఎంఎంటీఎస్ నంబర్లు అలాగే మొదలవుతాయి. మిగతా అంకెలు విన్నాక సగం మంది కూర్చుంటారు. ఆలస్యం సంగతి మూడు భాషల్లో విన్నాక మిగతా సగమూ కూర్చుంటారు. అప్పుడొక ఎక్స్‌ప్రెస్ దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోతుంది. ఇక బండి ఎప్పుడొస్తుందనే విషయంలో యాప్ కన్నా పల్లీలమ్మే మనిషి మాటకే విలువ. అతడు బుట్ట సర్దుకుని లేచాడంటే సిగ్నలు పడినట్టే.

ఈ మనుషులెవరూ లెక్కల్లోకి రారు. ప్రయాణికులను టికెట్లతో కొలుస్తారు. బండి ఉన్న వేళకు టికెట్లు తెగుతాయి, లేని వేళకు తెగవు. టైంటేబుల్ చూసి నిట్టూర్చి షేర్ ఆటో ఎక్కినవాడి నిట్టూర్పును కొలిచే యంత్రం ఏ స్టేషనులోనూ లేదు. కనుక మధ్యాహ్నం జనం లేరని తేలుతుంది, జనం లేరు కనుక బండి అక్కర్లేదని తేలుతుంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత పుట్టిన నాటికి రైళ్ళు లేకపోవచ్చు గానీ, ఈ వ్యవహారానికి అంతకన్నా మంచి నివేదిక ఎవరూ రాయలేదు.

ఇందులో అసలు నష్టం మధ్యాహ్నానిది కాదు, పొద్దుటిది. మనిషి ప్రయాణాన్ని రానూపోనూ కలిపి కొంటాడు. తొమ్మిదింటికి లింగంపల్లి నుంచి నాంపల్లి వెళ్ళేవాడు, పని రెండింటికే తెమిలితే తిరిగొచ్చే దారేమిటని ముందే ఆలోచిస్తాడు. దారి లేదని తెలిస్తే పొద్దున్నే బైకు బయటికి తీస్తాడు, మధ్యాహ్నపు బండితో పాటు పొద్దుటి బండీ ఆ మనిషిని పోగొట్టుకుంటుంది. రెండు పూటలే నడిచే రైలు ఎడమకాలి చెప్పు మాత్రమే అమ్మే కొట్టు లాంటిది. కుడికాలిది కావాలంటే సాయంత్రం ఐదు దాటాక రమ్మంటుంది.

ఢిల్లీలో ఈ కొట్టు కళ్ళారా చూడవచ్చు. అక్కడి రింగు రైల్వేను 1975లో గూడ్సు బండ్ల కోసం వేశారు. 1982 ఆసియా క్రీడల కోసం దాన్ని మెరుగుపరచి ప్రయాణికుల బండ్లు పెంచారు. రాజధాని చుట్టూ ముప్పై అయిదు కిలోమీటర్ల గుండ్రటి దారి, మరో దేశమైతే దాన్ని నోట్ల మీద అచ్చు వేసేది. క్రీడలు అయిపోయాయి. ఆ తర్వాత బండ్లు ప్రధానంగా పొద్దున, సాయంత్రమే తిరిగాయి, ఎక్కేవారు పల్చబడ్డారు, అలాంటి దారి ఒకటుందని ఢిల్లీలో చాలామందికి తెలియని స్థితి వచ్చింది. ముంబయిలో దీనికి తిరగబడిన దృశ్యం. అక్కడి ప్రధాన మార్గాల్లో మధ్యాహ్నం రెండింటికి కూడా ఎవరూ టైంటేబుల్ చూసి ఇంట్లోంచి కదలరు. ఈ బండి పోతే ఇంకోటి. ఇంకో బండి ఉందనే భరోసాయే ముంబయి మనిషిని రైలు మనిషిని చేసింది. చెన్నై లోకల్ ఆంధ్రలోకి, తడ దాటి సూళ్ళూరుపేట దాకా వస్తుంది. కానీ గుమ్మిడిపూండి దాటాక బండ్లు బాగా తగ్గిపోతాయి. సూళ్ళూరుపేటలో ఒక బండి కళ్ళ ముందు కదిలిపోతే స్టేషను బయట ఇడ్లీ తిని, కాఫీ తాగి, బంధువులెవరైనా ఉంటే పలకరించి రావచ్చు.

నిరీక్షణకు లెక్క ఉంది, అది కష్టమైనదేమీ కాదు. పది నిమిషాలకో బండి వచ్చే చోట, వేళ చూసుకోకుండా వచ్చిన మనిషి సగటున అయిదు నిమిషాలు ఆగుతాడు. గంటకో బండి అయితే అరగంట. బేగంపేట నుంచి లింగంపల్లికి ప్రయాణమే అరగంట చిల్లర కనుక, అప్పుడు ఆ మనిషి ప్రయాణించినంతసేపూ ఆగి, ఆగినంతసేపూ ప్రయాణిస్తాడు. ఇంకో మెలిక ఉంది. రెండు గంటల్లో నాలుగు బండ్లు ఉన్నాయనుకుంటే కాగితం మీద అరగంటకు ఒకటి. అవి సమానంగా వస్తే సగటు నిరీక్షణ పదిహేను నిమిషాలు. అవే బండ్లు పది, పది, యాభై, యాభై నిమిషాల ఎడంతో వస్తే ఇరవై రెండు నిమిషాలకు చేరువవుతుంది, ఎందుకంటే ఎక్కువమంది వచ్చి చిక్కేది పెద్ద ఎడంలోనే. బండ్ల సంఖ్య మారలేదు, కరెంటు బిల్లు మారలేదు, ప్రయాణికుడి రక్తపోటు మాత్రం మారింది. 1982 మే 23న స్విట్జర్లాండ్ ఈ మెలికను దేశమంతటా విప్పింది. పగలు ఏ గంటలోనైనా బండి అదే నిమిషానికి వస్తుంది. ఏడూ పన్నెండుకు వచ్చే బండి ఒంటిగంటా పన్నెండుకూ వస్తుంది. అప్పటి ఆ దేశ జనాభా ఇప్పటి హైదరాబాదు కన్నా తక్కువ. అయినా మధ్యాహ్నం ఎవరెక్కుతారని ఆగిపోలేదు.

ఖర్చు సంగతి చెబితే అందరూ గంభీరంగా ముఖం పెడతారు. పెద్ద ఖర్చులు పొద్దుటి రద్దీ కోసం ఎలాగూ అయిపోయాయి. రేకులు, అంటే పెట్టెల వరుసలు, కొన్నారు, పట్టాలు వేశారు, మౌలాలిలో కార్‌షెడ్ కట్టారు. కొనేసిన బండి ఎండకు నిలబడినంత మాత్రాన పెట్టుబడి తిరిగి రాదు. మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు తిప్పితే పెరిగేది కరెంటు, లోకో పైలట్, గార్డుల డ్యూటీ గంటలు, కొంత అరుగుదల. ఇవి ఉచితమేమీ కావు, కొత్త రేకు ధర ముందు మాత్రం చిల్లర. మరోవైపు చవకదనం ఒక్కటే రైలును కాపాడే రోజులు పోయాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఐదు రూపాయల బండి సున్నా రూపాయల బస్సుతో ధరలో పోటీ పడలేదు, వేళలోనే పడాలి. బేగంపేటలో, భరత్‌నగర్‌లో మెట్రో కూడా ఉంది. రెండింతలకు పైగా ఛార్జీ ఇచ్చి మెట్లెక్కేవాళ్ళు ఏసీ కోసమే ఎక్కడం లేదు.

రైల్వే వాదనలోనూ నిజం ఉంది, దాన్ని దాటవేయడం అన్యాయం. సికింద్రాబాద్–వాడి లైను ఎంఎంటీఎస్‌కు రాసిచ్చిన దారి కాదు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు అదే పట్టాల మీద పోతాయి, లోకల్ పక్కకు తప్పుకోవాలి. పట్టాలను, పైనున్న కరెంటు తీగలను సరిచూడాలంటే బండ్లు ఆపి బ్లాకు తీసుకోవాలి, దానికి పగటి వెలుతురులో అనువైన సమయం మధ్యాహ్నమే. మరమ్మతు చేయని పట్టాల మీద పది నిమిషాలకో బండి కావాలని ఎవరూ అడగరు, అడగకూడదు. అడిగేది ఇంత: ముందుగా చెప్పిన రోజుల్లో, ముందుగా చెప్పిన గంటలో బ్లాకు తీసుకుని, మిగతా మధ్యాహ్నమంతా ఇరవై నిమిషాలకో బండి, సమానమైన ఎడంతో. లోకల్‌కు విడిగా పట్టాలు పడే దాకా ఇది చాలు.

దీనికి ప్రయోగం తప్పదంటే చేయవచ్చు. కాకపోతే మామూలు ప్రయోగ పద్ధతి జగద్విదితం. కొత్త బండిని చెప్పాపెట్టకుండా మొదలుపెడతారు, దాని వేళల కాగితం కౌంటరు అద్దానికి లోపలివైపు అంటిస్తారు, రెండు వారాలు నడిపి ఖాళీ సీట్లు ఎంచి రద్దు చేస్తారు. మనుషులు బండిని నమ్మి అద్దె ఇల్లు, పిల్లల బడి, షిఫ్టు మార్చుకోవడానికి ఏడాది పడుతుంది. ప్రయోగం కూడా కనీసం అంతకాలం నడవాలి. కాగితం అద్దానికి బయటివైపు అంటించాలి.