నేను జియోలైట్ గుళికను

సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి కట్టిన తెల్లటి ఒళ్లు నాది. ఆ ఒంటి నిండా అర నానోమీటరుకు కాస్త పైబడిన వెడల్పుతో సొరంగాలు. జియోలైట్ల వంశంలో నా పేరు జెడ్‌ఎస్‌ఎం-5. అమెరికాలో మొబిల్ చమురు కంపెనీ శాస్త్రజ్ఞులు మమ్మల్ని తయారుచేసి 1972లో పేటెంటు పొందారు. మావాళ్లు చాలామంది రిఫైనరీల్లో నూనెల్ని చీల్చే పనిలో ఉన్నారు. నా వంతుకు చెత్త వచ్చింది. అందుకు గర్వపడతాను.

ప్రయోగశాలలో ఒక క్వార్ట్జ్ గొట్టం నా ఇల్లు. మధ్యలో లోహపు కడ్డీ, గొట్టం చుట్టూ లోహపు జాలి, రెంటి మధ్య వేల వోల్టుల ఏసీ కరెంటు. 1857లో వెర్నర్ ఫాన్ సీమెన్స్ ఓజోన్ కోసం కట్టిన పరికరానికి ఇది వారసురాలే. స్విచ్ వేయగానే ఆర్గాన్ వాయువులో ఊదారంగు సన్నని మెరుపులు పుడతాయి. అదే ప్లాస్మా. అందులో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పదివేల డిగ్రీలు దాటుతుంది. వాయువు మాత్రం అంత వేడెక్కదు. ఈ వింతకు నేనింకా అలవాటుపడలేదు.

నా పక్కనే పాలిథీన్ సంచుల ముక్కలు వేస్తారు. ఉత్త వేడితో ఆ పొడవాటి కార్బన్ గొలుసులు తెగాలంటే నాలుగైదు వందల డిగ్రీలు కావాలి. ఎలక్ట్రాన్ల దెబ్బ తోడైతే ఆ వేడి తగ్గించుకోవచ్చు. కానీ ప్లాస్మాకు విచక్షణ లేదు, ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది. ఎంచేది నేను. ఇరుకు సందులో పెద్ద బండి పట్టనట్టే నా సొరంగాల్లోకి లావుపాటి అణువులు దూరలేవు. పట్టినవి లోపలి ఆమ్ల స్థానాల దగ్గర మళ్లీ విరిగి, రూపు మార్చుకుని, పెట్రోలులో ఉండేలాంటి చిన్న అణువులుగా, మండే వాయువులుగా బయటికొస్తాయి.

పనిచేసేకొద్దీ నా సొరంగాల్లో కోక్ అనే నల్లటి కార్బన్ మసి పేరుకుంటుంది. గాలిలో 550 డిగ్రీల దగ్గర కాలిస్తే అది పోయి మళ్లీ తెల్లబడతాను. పీవీసీ ముక్క కలిస్తే మాత్రం కథ వేరు. దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ నా అల్యూమినియాన్నే ఊడలాగుతుంది, ఇంధనాన్నీ పాడుచేస్తుంది. ఆ గాయం కాల్చినా మానదు. అందుకే తడి చెత్తలో చేతులు పెట్టి ప్లాస్టిక్ రకాలను వేరుచేసే కార్మికుల పనిని, నా పనిలో మొదటి సగంగా లెక్కిస్తాను. వాళ్లకు గ్లవ్స్ అయినా ఇవ్వకుండా నా గురించి గొప్పగా మాట్లాడితే నాకు నచ్చదు.

2015 వరకు పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది దాదాపు 9 శాతమే. కాబట్టి నన్ను త్వరగా డంపింగ్ యార్డులో పనికి దించాలన్న తొందర అర్థమవుతుంది. కానీ బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో నన్ను వెలిగించి, వచ్చిన ఇంధనాన్నీ కాలిస్తే గాలిలోకి రెండు వైపులా పొగే చేరుతుంది. ఎంత కరెంటు మింగానో, ఎంత ఇంధనం ఇచ్చానో ముందు నిక్కచ్చిగా లెక్కగట్టండి. ఆ లెక్క కుదిరాకే నన్ను ఈ గొట్టంలోంచి తీయండి.