తాడుకీ కంచెకీ మధ్య మూడు గజాలు

2023 నవంబరు 23 రాత్రి విశాఖ మధురవాడ స్టేడియంలో రింకూ సింగ్ కొట్టిన బంతి తాడు దాటింది. జనం ఎగిరి గంతేశారు. సిక్సర్ మాత్రం స్కోరులోకి ఎక్కలేదు. ఆస్ట్రేలియా మీద 209 కొట్టాల్సిన ఇండియా, ఆఖరి ఓవర్లో వరసగా మూడు బంతులకి మూడు వికెట్లు పారేసుకుని, చివరి బంతికి ఒక్క పరుగు దగ్గర నిలబడింది. అబాట్ వేసిన ఆ బంతి నోబాల్. దానికొచ్చిన ఒక్క పరుగుతోనే ఆట ముగిసింది. బంతి దాటిన గీత కంటే బౌలర్ కాలు దాటిన గీత ముందు లెక్కకొచ్చిందన్నమాట.

అది సిక్సరా కాదా అన్న తగువు ఉత్తరాంధ్రలో ఇంకా తెగలేదు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఏ టీ కొట్టు ముందైనా, ఏ దేశంలో ఏ మ్యాచ్ నడుస్తున్నా, నాలుగో ఓవర్‌కల్లా ఎవరో ఒకరు దాన్ని తవ్వి తీస్తారు.

"బంతి ఎల్లి అంత దూరాన పడితే సిక్సర్ కాదంటే ఎలగండి మాస్టారూ? మా తోడల్లుడు అక్కడే ఉన్నాడు, కళ్లతో సూసినాడు."

"గెలిచేశాక ఆట లేదురా. ఆట లేనప్పుడు గీతేటి, తాడేటి?" అంటారు రిటైరైన లెక్కల మాస్టారు.

టీ కొట్టు గోడకి ఆనించిన ఫోన్లో బంతి పడేలోపే, పక్క సెల్లు షాపు టీవీ ముందు కేకలు లేస్తాయి. ఫోన్లో ఆట కొన్ని క్షణాలు వెనక నడుస్తుంది. కాబట్టి ఇక్కడివాళ్లకి ఉత్కంఠ అంటూ ఏమీ మిగలదు. ఆ ఖాళీని వాదనలతో నింపుకుంటారు. ఫోన్లో ఫీల్డర్ ఎవడో జారుకుంటూ వెళ్లి ప్రకటన బోర్డుకి గుద్దుకున్నాడంటే చాలు, రింకూని కాసేపు వదిలేసి కంచె మీద పడతారు.

"ఆ తాడేల? కంచే బౌండరీ అంటే సరిపోదేటి?"

ఒకప్పుడు చాలా మైదానాల్లో కంచే బౌండరీ. బంతి వెనక పరిగెత్తినవాడు కంచెని గుద్దుకుని ఆగేవాడు. ఇప్పుడు ఐసీసీ నిబంధన ప్రకారం, తాడుకీ దాని వెనకున్న కంచెకో బోర్డుకో మధ్య కనీసం మూడు గజాల ఖాళీ ఉండాలి. మనిషి జారడానికి వదిలిన చోటది. పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌లలో బౌండరీ పిచ్ నడిమధ్య నుంచి 65 గజాలకి తగ్గకూడదు, 90 దాటకూడదు. ఈ అంకెలు మాస్టారు చెప్పినప్పుడు కుర్రాళ్లు వినరు. ఆయన చిన్నప్పటి బౌండరీల గురించి చెబితే మాత్రం చెవులు రిక్కిస్తారు. చింతచెట్టు దాటితే నాలుగు, గడ్డివాములో పడితే ఆరు, చెరువులో పడితే కొట్టినవాడు అవుట్, బంతి వాడే తేవాలి.

ఊరికి క్రికెట్‌లో ఒక గొప్ప, ఒక తలవంపు రెండూ ఉన్నాయి. రెంటికీ మనిషి ఒక్కడే. 1936లో ఇంగ్లాండ్‌కి ఇండియా జట్టుని నడిపించిన విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్, 33 పరుగులు. ఆ పర్యటనలో అవతలి కెప్టెన్ ఒకాయనకి బంగారు గడియారం బహూకరించి సులువైన బంతులు వేయించుకున్నాడని ఒక కథ ఇంకా తిరుగుతోంది. నిజమో కాదో గానీ, బంతిని బౌండరీ దాటించడానికి అంత ఖర్చు పెట్టిన బ్యాట్స్‌మన్ ఇంకొకడుంటాడని నమ్మడం కష్టం. టెస్టులు మొదలవకముందే ఆయన ఇంటికి పంపించేసిన లాలా అమర్‌నాథ్ సంగతి వేరు. 1933 డిసెంబరులో బొంబాయి జింఖానాలో అమర్‌నాథ్ తొలి టెస్టులోనే సెంచరీ కొడితే, జనమే గీత దాటి లోపలికొచ్చి దండలేశారు.

ఇక్కడికొచ్చేసరికి కంచె వాదన దిక్కు మారుతుంది. ఆటగాడు కంచెకి గుద్దుకోవడం ఒక భయమైతే, జనం కంచె దాటి రావడం ఇంకో భయం. 1960లో బొంబాయి బ్రబోర్న్‌లో హైదరాబాదీ అబ్బాస్ అలీ బేగ్ అర్ధసెంచరీ కొట్టి వస్తుంటే, ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టింది. దేశమంతా మురిసిపోయింది. 1969లో హైదరాబాద్‌లో న్యూజీలాండ్‌తో టెస్టప్పుడు లోపలికి పరిగెత్తిన కుర్రాడికి దక్కింది పోలీసు దెబ్బ. దాంతో స్టేడియంలో అల్లరి చెలరేగింది. ఈమధ్య ఉప్పల్లో 2018లో ఒకడు వచ్చి కోహ్లీని వాటేసుకున్నాడు, 2024 జనవరిలో ఇంకొకడు రోహిత్ శర్మ కాళ్ల మీద పడ్డాడు.

అందరికంటే కుర్రాళ్లకి నచ్చేది 1975 ప్రపంచకప్ ఫైనల్. లార్డ్స్‌లో ఆఖరి జంట లిల్లీ, థామ్సన్. థామ్సన్ కొట్టిన బంతిని ఫ్రెడరిక్స్ పట్టేశాడు. వెస్టిండీస్ గెలిచిందనుకుని జనం మైదానంలోకి ఉరికారు. అది నోబాల్ అన్న సంగతి వాళ్లకి వినపడలేదు. ఫ్రెడరిక్స్ వికెట్ల వైపు విసిరిన బంతి జనంలో మాయమైపోయింది. బ్యాట్స్‌మెన్ ఇద్దరూ ఆ గుంపులోనే పరుగులు తీస్తూ పోయారు.

"అంటే అక్కడా నోబాలే! మరి రింకూకి..."

"మళ్లీ మొదలెట్టకురా గుంటా."

శ్రీకాకుళం నుంచి పని మీద వచ్చినాయన ఒకరు, ఇనప కంచె ఎత్తుగా కట్టేస్తే పీడా పోతుందంటారు. ఆయన జిల్లా స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరుంది. వీరఘట్టంలో పుట్టి, ఏనుగుని గుండె మీద ఎక్కించుకుని, ఒంటికి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగించి తెంచిన మల్లయోధుడి పేరు! ఆ పేరున్న స్టేడియం పక్కన పుట్టినవాడు ఇనుముని అంత నమ్మడమేటని టీ కొట్టాయన నవ్వు.

మాస్టారు మాత్రం ఆ మాటకి నవ్వరు. 1989లో ఇంగ్లాండ్‌లో హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో వెనకనుంచి జనం తోసుకొస్తే, ముందున్నవాళ్లు కంచెకి అదుముకుపోయారు. 97 మంది పోయారు. మైదానంలోకి రాకుండా ఆపడానికి కట్టిన కంచె, బయటపడకుండా ఆపింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయినప్పుడు లోపల ఆటే లేదు. జరిగిందంతా గేట్ల దగ్గర. మధురవాడకి బయల్దేరే ప్రతి కుర్రాడినీ ఆయన అడిగేది ఒక్కటే: ఏ గేటులోంచి బయటికి వస్తావు? టికెట్ ఎంతకి కొన్నారో, కెమెరా ఎటు తిరుగుతుందో చెప్పగలరు గానీ, ఈ ప్రశ్నకి జవాబు ఇప్పటిదాకా ఎవరి దగ్గరా దొరకలేదు. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచకప్ అప్పుడు ఆ స్టేడియంలో ఒక గేటుకి క్రికెటర్ రావి కల్పన పేరు పెట్టాక కొంచెం నయం. కనీసం ఒక గేటు పేరు అందరికీ నోటికొచ్చింది.

పక్క షాపులో కేక లేచింది. ఫోన్లో బౌలర్ ఇంకా పరుగు మొదలెట్టలేదు. ఆ వ్యవధిలో ఎవరో 2018 అక్టోబరు 24 నాటి మధురవాడ మ్యాచ్ ఎత్తారు. ఆ రోజు కోహ్లీ 157 నాటౌట్, వన్డేల్లో పదివేల పరుగులూ పూర్తి. ఇండియా 321. వెస్టిండీస్‌కి ఆఖరి బంతికి ఐదు కావాలి. హోప్ ఫోర్ కొట్టాడు. టై.

"తాడు ఇంకో గజం వెనక్కుంటే బంతి ఆగిపోను. మనమే గెలుద్దుము."

"ఇంకాస్త లోపలికుంటే సిక్సరైపోను. వాళ్లు గెలుద్దురు," అన్నారు మాస్టారు, గ్లాసు కింద పెట్టి. "టీ డబ్బులు ఎవడిస్తాడో ముందు తేల్చండి."