జావగారడం వేరు, డీలా పడటం వేరు

ఇప్పుడు ఎవణ్ణి కదిపినా ఒకటే మాట: "కాన్ఫిడెన్స్ పోయింది." పరీక్ష తప్పినా అదే, పెళ్ళిచూపుల్లో పిల్ల కాదన్నా అదే, క్యారమ్స్‌లో ఓడినా అదే. అన్నిటికీ ఒకటే మాత్ర!

మా రోజుల్లో డీలా పడటమంటే బిగువు సడలడం. కడుపునిండా తిని పడుకుంటే తెల్లారేసరికి సర్దుకునేది. కుదేలవడం అలా కాదు. పంట పోయి, అప్పు మిగిలి, మనిషి లేవలేకపోవడం. ఆ మాటనిప్పుడు పేపర్లవాళ్ళు షేర్ మార్కెట్‌కి రాసిచ్చేశారు. సెన్సెక్స్ కాస్త జారితే చాలు, "మార్కెట్లు కుదేలు" అని పెద్దక్షరాలు. మర్నాడే లేచి కూర్చునేదానికి కుదేలేమిటి, నా మొహం! బేజారు ఉర్దూలో ఉన్నంతకాలం విసుగే. మన దగ్గరికొచ్చాక హడలు కూడా నేర్చుకుంది.

జావగారిపోవాలంటే మాత్రం ముందు కాస్త గట్టిదనమో, గట్టివాణ్ణన్న బడాయో ఉండాలి. పుట్టు పిరికివాడు కొత్తగా జావగారేదేముంది? విరాటపర్వంలో ఉత్తరుణ్ణి చూడండి. సారథి లేక ఆగాను గానీ కౌరవుల్ని ఒక్కణ్ణే తరిమేద్దునని అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు. తీరా ఆ సేన కంటబడగానే రథం దూకి పరుగు. అదీ జావగారడమంటే! సారథిగా వచ్చిన బృహన్నల, అంటే మారువేషంలోని అర్జునుడే, వెంటపడి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. "నిన్ను నువ్వు నమ్ముకో" అని క్లాసు పీకలేదు. యుద్ధం నేను చేస్తాలే, నువ్వు పగ్గాలు పట్టు, అంది. జమ్మిచెట్టెక్కించి ఆయుధాలు దింపించింది. ఆ పారిపోయినవాడే రథం తోలాడు. ఇప్పుడైతే మైకు పట్టుకుని ఓ మోటివేషన్ స్పీకర్ వస్తాడు, టికెట్టు పెట్టి మరీ.

జావగార్చేవాడికీ మనకో పేరుంది. కర్ణుడి రథం తోలుతూనే అర్జునుణ్ణి పొగిడి కర్ణుడి గుండె జార్చిన శల్యుడు. మొన్న మా మనవడు ఇంటర్వ్యూ నుంచి మొహం వేలాడేసుకొచ్చాడు. "డీలానా, జావా?" అన్నాను. తెల్లమొహం వేశాడు. తీగ లాగితే తేలిందేమిటంటే, దారి పొడుగునా "పక్కింటబ్బాయికి వచ్చిందిట, నీకొస్తుందంటావా?" అని ఒకటే నస. కారు నడిపింది మా అల్లుడుగారు. శల్యసారథ్యం అంటే ఏమిటో మనవడికి చెబుదామనుకున్నాను గానీ, ఆయన పక్కగదిలోనే ఉన్నారు.