మేనల్లుడి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. ఆట మొదలు కాగ నరగంట గడవదు
ఫ్యాను గోల పెట్టు పళ్లు కొరికి
తొడలు కాల తెరయు తునకలై తడబడు
దుమ్ము దులుపకున్న దొరకు సుఖమె?

టీక: ఆట = కబడ్డీ కాదు, గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆడునది; మొదలు కాగన్ = మొదలైన మీదట; అరగంట గడవదు = స్పష్టము; పళ్లు కొరికి = రెక్కలలో నూగు చిక్కి గరగరలాడుచు; గోల పెట్టు = హోరెత్తును; తెరయున్ = తెర మీది బొమ్మయు; తునకలై తడబడు = ఆగి ఆగి కదలును; సుఖమె = లేదని కాకువు. తొడలు కాల = ఈ మాట కథ వేరే ఉంది.

తాత్పర్యం: గ్రాఫిక్స్ చిప్ రకాన్ని బట్టి 87 డిగ్రీల చుట్టుపక్కలకు చేరగానే ప్రాణం కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కవి తడబాటు అన్నది దీన్నే. చిప్ చెడలేదు, జాగ్రత్తపడింది. ఇది తెలియక కవిగారు కొత్త ల్యాప్‌టాప్ ధరలు కూడా వాకబు చేశారు.

విశేషాలు: నేరమంతా దుమ్ము మీద మోపడం అవ్యాప్తి దోషం. వేడి గాలి బయటికొచ్చే జాలీ దగ్గర అరచెయ్యి పెట్టి చూడాలి. గాలి నీరసంగా వస్తే దుమ్మే. రాగి గొట్టాలు మోసుకొచ్చిన వేడికి సన్నటి రేకుల దగ్గర నూగు అడ్డుపడింది. గాలి జోరుగా, గోరువెచ్చగా వస్తూ చిప్ మాత్రం కాలిపోతుంటే, చిప్‌కూ రాగికీ నడుమ పూసిన పేస్టు ఎండిందని అనుమానించాలి. అప్పుడెంత దులిపినా చేతులు నొప్పే. దులిపేటప్పుడు కూడా స్విచ్చాపి, రెక్కలు తిరగకుండా పుల్ల అడ్డం పెట్టి ఊదాలి. బ్లోయర్ గాలికి గిర్రున తిరిగితే బేరింగు పోతుంది.

వోల్టేజి తగ్గించమని కొందరి మతం. చిప్ తాగే కరెంటు వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, పదో వంతు తగ్గిస్తే అదే వేగానికి వేడి సుమారు 19 శాతం తగ్గుతుంది. మతం మంచిదే, పద్యంలో ఆధారం లేదు.

ఆధారం ఉన్నది తొడలకే. ఇలాంటి ల్యాప్‌టాప్ చాలావరకు గాలి పీల్చేది అడుగు నుంచి. మావాడు మంచమెక్కి, దుప్పటి కప్పుకున్న ఒళ్లో దాన్ని కూర్చోబెట్టి ఆడతాడు. ముక్కు మూసి పరుగెత్తమనడమే. మూడో పాదంలో తనే వాంగ్మూలమిచ్చి, నాలుగో పాదంలో దుమ్మును బోనెక్కించాడు.

"దుప్పటి తీయకున్న" అని దిద్దబోయాను.

"దుప్పటి భగణం మామయ్యా, ఇక్కడ సూర్యగణమే పడాలి. అందుకే దుమ్మన్నాను" అన్నాడు, దుప్పటి సర్దుకుంటూ.