కంటి ముందు వేలెడు సందు

ఉక్కు రేకును కాల్చి, సుత్తితో కొట్టి కొట్టి ఒక ఇంగ్లిష్ కమ్మరి నాకు ఈ రూపం ఇచ్చాడు. 15వ శతాబ్దపు జర్మన్ శిరస్త్రాణం నాకు నమూనా. కింది భాగం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కనుక మా రకాన్ని కప్పనోటి శిరస్త్రాణం అంటారు. మా మీదికి వచ్చే దెబ్బలు ఉత్తుత్తివి కావు. ఇద్దరు రౌతులు ఎదురెదురుగా గుర్రాలను ఉరికిస్తూ వచ్చి, బల్లెంతో ఒకరి డాలును ఒకరు పొడిచే జౌస్టింగ్ పోటీలు ఈనాటికీ జరుగుతున్నాయి. ఒక్కో గుర్రం గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకోండి, తలపడే వేగం 60 అవుతుంది.

నన్ను తలకు పెట్టుకున్నాక బోల్టులతో ఛాతీ కవచానికి బిగిస్తారు. ఇక ఆ మనిషి తల తిప్పలేడు. తిప్పకూడదనే ఆ ఏర్పాటు. నా మీద పడిన దెబ్బ మెడకు పోకుండా ఛాతీకి, వీపుకి దిగిపోతుంది. లోపల దూది కుట్టిన టోపీ, తోలు పట్టీలు తలను నా గోడలకు తగలనివ్వవు. చూడటానికి ఉన్నదల్లా వేలెడు సందు. రౌతు ముందుకు వంగితేనే అందులోంచి దారి కనపడుతుంది. బల్లెం తగిలే ముందు నడుము నిటారు చేయాలి. అప్పుడు సందు పైకి లేస్తుంది, నా దవడ ఎదురు నిలుస్తుంది. ఆ రెప్పపాటులో అతనికి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. తన దెబ్బ ఎక్కడ తగిలిందో చూడాలని కొత్తవాళ్లకు మహా ఆత్రం. ఆ ఆత్రంలో వంగినవాడు వంగినట్టే ఉండిపోతాడు. వాళ్ల ఊపిరి నాకు వినపడుతూనే ఉంటుంది. లేవరా నాయనా, లేవమని నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ సందు ఎంత పని చేస్తుందో చరిత్ర చెప్పింది. 1559 జూన్ 30న పారిస్‌లో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ పోటీకి దిగాడు. మోంట్‌గోమెరీ అనే సేనాని బల్లెం విరిగి, దాని పేళ్లు రాజు ముఖకవచం లోపలికి దూసుకుపోయి కంటి దగ్గర దిగబడ్డాయి. ఆంబ్రోయిజ్ పారే, వెసాలియస్ అంతటి వైద్యులు వచ్చినా ఫలితం లేకపోయింది. జూలై 10న రాజు కన్నుమూశాడు.

అది పాతకాలం కదా అని మనసు సర్దుకోవడానికి లేదు. 2007లో ఇంగ్లండ్‌లోని రాకింగ్‌హమ్ కోటలో ఒక టీవీ కార్యక్రమం కోసం జౌస్టింగ్ చిత్రీకరిస్తుండగా, బల్లెం పేడు ఒకటి సందులోంచి రౌతు కంట్లోకి దిగింది. కొద్దిరోజులకే ఆయన చనిపోయాడు. ఆ పేడు బాల్సా కొయ్యది. గోటితో నొక్కితే గుంట పడేంత మెత్తని కొయ్య అది. తగలగానే విరిగిపోవాలని, దెబ్బ జోరు ఆ విరగడంలోనే ఖర్చయిపోవాలని ఇప్పటి చాలా పోటీల్లో బల్లెం కొసకు ఏరికోరి దాన్నే అమరుస్తారు. విరగడమే రౌతును కాపాడుతుంది, విరిగిన ముక్కే కంటికి ఎసరు పెడుతుంది. ఈ చిక్కును పూర్తిగా విప్పినవాళ్లు ఇంతవరకు లేరు. సందు మూసేస్తే రౌతు గుడ్డివాడవుతాడు, తెరిస్తే పేడుకు దారి దొరుకుతుంది.

తేలిగ్గా విరగని గట్టి బల్లేలతో ఆడే పద్ధతి కూడా ఉంది. ఎదుటివాణ్ణి గుర్రం మీంచి పడగొట్టడమే అక్కడ గొప్ప. 2012లో అమెరికా టీవీలో ‘ఫుల్ మెటల్ జౌస్టింగ్’ పేరుతో అదే చూపించారు. నాకు ఆ పద్ధతి మీద మనసు లేదు. ఉక్కు చర్మాన్ని కాపాడుతుంది, ఎముకను కాపాడుతుంది, పుర్రె లోపల అదిరే మెదడును మాత్రం పట్టి ఆపలేదు. పై నుంచి మోపెడు కవచంతో నేల మీద పడటం రెండో దెబ్బ. నా మీద చిన్న సొట్టైనా పడకుండానే లోపలి మనిషికి కళ్లు తిరగవచ్చు.

గుర్రాల క్షేమం గురించి మాత్రం ధైర్యంగా చెప్పగలను. రెంటి మధ్య నిలువునా చెక్క అడ్డు ఉంటుంది కనుక అవి ఢీకొనవు. గుర్రాన్ని పొడవడం పెద్ద తప్పు. బెదిరిన గుర్రాన్ని మంచి రౌతు బరిలోకి దింపడు.

ఈ ఆటలోకి రావాలనుకునే పిల్లలకు ఒకటే విన్నపం. బల్లెం పట్టే ముందు నిటారుగా లేవడం నేర్చుకోండి. ఒక్కో పరుగు కాగానే నా సందులో ఇరుక్కున్న పేళ్లన్నీ తీయించండి. బోల్టు వదులైతే ఆ పూటకు పోటీ మానుకోండి. తల దిమ్ముగా ఉందని అనిపిస్తే గెలుపు సంగతి పక్కనపెట్టి గుర్రం దిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి.