రచ్చకట్ట మీది సలహాలు: వీటిని వినకండి

అనంతపురం పల్లెల్లో ఏ రచ్చకట్ట మీద కూర్చున్నా సర్కారు డబ్బు గురించి సలహాలకు కొదవ ఉండదు. చెప్పేవాళ్లు మనవాళ్లే, మన మేలు కోరేవాళ్లే. అయినా కొన్ని మాత్రం వినొద్దు.

“ఇంటి పన్ను కట్టొద్దు, పంచాయతీ మనకేం చేసింది?” అన్నిటికంటే చేటు తెచ్చే సలహా ఇది. నడి ఎండాకాలంలో ఊరి బోరు మోటారు కాలిపోయిందనుకోండి. పైపులన్నీ పైకి లాగి, మోటారును ట్రాక్టర్‌లో వేసుకుని టౌనుకు పోయి, రీవైండింగ్ చేయించి మళ్లీ దింపాలి. మెకానిక్ అరువుకు చెయ్యడు. గ్రాంటు వచ్చేదాకా బిందెలు ట్యాంకరు కోసం వరసలోనే ఉండాలి. అప్పుడు ఆదుకునేది పంచాయతీ సొంత రాబడే. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య ఇచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చంది గానీ జీతాలకు వాడకూడదంది. మరి కాలవలు తీసే మనిషికి జీతం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా గత ప్రభుత్వ హయాంలో ఆ గ్రాంటునే కరెంటు బకాయిల కింద సర్దేస్తే రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. పన్ను కట్టి రసీదు తీసుకోండి. రసీదు చేతిలో ఉన్నవాడు అడిగితే సర్పంచి అయినా, కార్యదర్శి అయినా జవాబు చెప్పక తప్పదు.

“పన్ను కట్టేది టౌనోళ్లు, మనం నోరెత్తకూడదు” అంటారు ఇంకొందరు. ఇది అన్యాయమైన మాట. మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, అది కాక నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. కూలికి బండి మీద పోయే మనిషి కూడా కడుతున్నాడు. ఫోను రీఛార్జి మీద 18 శాతం జీఎస్టీ వేరే. రాయదుర్గం వైపు వాళ్లు కర్ణాటకలోకి పోయి ట్యాంకు నింపుకుంటే నేను తప్పు పట్టను. కానీ ఇక్కడ ఇంత ఎందుకని మన ఎమ్మెల్యేని నిలదీయకపోతే మాత్రం తప్పే.

“దాతలు చూసుకుంటారులే” అని కూడా ఊరుకోవద్దు. 1990లలో సత్యసాయి ట్రస్టు వందల ఊళ్లకు తాగునీటి పథకం కట్టించి ప్రభుత్వానికి అప్పగించింది. అది గొప్ప పుణ్యకార్యం. కానీ పంపు రోజూ తిరగాలంటే కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం ఏటేటా ఖజానా నుంచే రావాలి.

“లెక్కలు మనకెందుకు, పెద్దోళ్లతో పెట్టుకోవద్దు.” ఈ మాట అనంతపురంలో అనకూడదు. ఉపాధి హామీ దేశంలో మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అదే ఏడాది ఈ జిల్లాలోనే పాదయాత్రగా సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్లలో ఎవరి పేరు రాశారో, ఎంత కూలి ఇచ్చినట్టు చూపించారో జనం ముందు చదివి అడిగారు. చదువురాని కూలీలు కూడా లేచి నిలబడి మాట్లాడారు.

ఈసారి గ్రామసభకు దండోరా వేస్తే పని మానుకునైనా పోండి. పన్ను ఎంత వసూలైంది, గ్రాంటు ఎంత వచ్చింది, అందులో కరెంటుకు ఎంత పోయింది, ఈ మూడు అంకెలూ పైకి చదవమని అడగండి.